పీడీ-ఎల్1 60 శాతం అంటే బతికే అవకాశం 60 శాతం కాదు

ఊపిరితిత్తుల క్యాన్సర్ రిపోర్టు చేతికొచ్చాక ఇంట్లోవాళ్ల కళ్లు మొదట వెళ్లేది శాతం మీదకే. అందులో "పీడీ-ఎల్1: 60 శాతం" అని ఉంటే కొందరు బతికే అవకాశం 60 శాతం అనుకుంటారు, కొందరు జబ్బు అంత మేర పాకిపోయిందని హడలిపోతారు. రెండూ కాదు. పీడీ-ఎల్1 అనేది కణితి కణాల మీద ఉండే ఒక ప్రోటీన్, అది ఎన్ని కణాల మీద కనపడిందో చెప్పేదే ఆ శాతం. "1 శాతం కంటే తక్కువ" అని వచ్చినవాళ్ల పరిస్థితి మరీ కష్టం. రాజోలు వైపు నుంచి వచ్చిన ఒక కుర్రాడు ఆ లైను చదువుకుని మా ల్యాబు కౌంటరు దగ్గరే కుర్చీలో కూలబడి "అంటే మా నాన్నగారికి ఒక్క శాతం కూడా ఛాన్సు లేదాండీ" అని అడిగాడు. లోపలి నుంచి మా డాక్టరు గారు వచ్చి, పక్కన కూర్చుని చాలాసేపు చెప్తేగానీ తేరుకోలేదు. ఆ తర్వాత కూడా అదే ప్రశ్న చాలామంది అడిగారు కాబట్టి ఆయన చెప్పినవి, నేను పనిలో చూసినవి, చదివి తెలుసుకున్నవి ఒకచోట రాసి పెడుతున్నాను.

నేను రాజమండ్రిలో ఒక పాథాలజీ ల్యాబులో టెక్నీషియన్‌ని. ముక్క పరీక్షకు వచ్చిన కండని మైనంలో దిమ్మగా పోసి, మెషీన్ మీద 4 మైక్రాన్ల మందాన కోసి, స్లైడు మీద పరిచి రంగులు వేయడం నా పని. చూసి రిపోర్టు రాసేది డాక్టరు గారు, మందు ఏది వాడాలో చెప్పేది మీ ఆంకాలజిస్టు. ఇది ఆ రిపోర్టు మీకు అర్థం కావడానికి మాత్రమే, దీన్ని పట్టుకుని మందులు మార్చుకోవద్దు.

మామూలుగా వేసే ఊదా, గులాబీ రంగుల్లో కణితి కణాలు పెద్దవిగా, గజిబిజిగా కనిపిస్తాయి. వాటి చుట్టూ, ఒక్కోసారి వాటి మధ్యలోకి దూరిపోయి, చిన్న చిన్న గుండ్రటి నల్లటి చుక్కలు ఉంటాయి. అవే లింఫోసైట్లు, అంటే మన ఒంట్లో రోగంతో పోరాడే తెల్లకణాల్లో ఒక జాతి. చిక్కేమిటంటే ఈ రంగులో అవన్నీ ఒకేలా ఉంటాయి. కణితిని చంపే కణమేదో, ఆ చంపేవాటిని ఆపేసే కణమేదో తేడా తెలియదు. అందుకే ఒక్కో రకం కణం మీద మాత్రమే ఉండే ప్రోటీన్‌కి అంటుకునే యాంటీబాడీని స్లైడు మీద వేసి, అది అంటుకున్నచోట గోధుమ రంగు వచ్చేలా చేస్తాం. మార్కర్లు అనేది వీటినే. సీడీ3, సీడీ8, సీడీ20 అని రిపోర్టుల్లో కనిపించే నంబర్లు 1982లో పారిస్‌లో జరిగిన సమావేశంలో మొదలైన పద్ధతి. అప్పటిదాకా ఒక్కో ల్యాబు ఒక్కో పేరు పెట్టుకుని అంతా గందరగోళంగా ఉండేది.

వీటిలో అందరూ ముందు చూసేది సీడీ8. కణితి కణానికి అంటుకుని దాన్ని నేరుగా చంపగలిగే టీ కణాలు ఇవి, టీ కణాలంటే లింఫోసైట్లలో ఒక రకం. ఆపరేషన్ చేసి తీసిన ఊపిరితిత్తి ముక్కల మీద వేరువేరు దేశాల్లో చేసిన పరిశోధనలు కలిపి చూసినప్పుడల్లా ఒకే సంగతి తేలుతోంది: కణితిలో సీడీ8 కణాలు దట్టంగా ఉన్న రోగులు, పల్చగా ఉన్నవాళ్ల కంటే సగటున ఎక్కువ కాలం బతికారు. ఫాక్స్‌పీ3 అనే మార్కర్ ఉన్న కణాలు ఎక్కువగా ఉంటే చాలా పరిశోధనల్లో ఫలితం దీనికి వ్యతిరేకంగా వచ్చింది, ఎందుకంటే అవి మిగతా టీ కణాలను అణిచిపెట్టే రకం. అవి లేకపోతే మన కణాలు మన ఒంటి మీదకే తిరగబడతాయి, కాబట్టి అవీ కావాలి. కానీ కణితి వాటిని తన చుట్టూ పోగేసుకుంటే రోగికి నష్టం.

ఎన్ని కణాలున్నాయి అనేదానికి తోడు ఎక్కడ ఉన్నాయి అనేది కూడా చూడాలి. నాకు ఈ విషయంలో బాగా గుర్తుండిపోయింది 2005లో ఇంగ్లండ్‌లోని లెస్టర్ నుంచి వచ్చిన పరిశోధన. మాక్రోఫేజ్‌లు అనే పెద్ద తెల్లకణాలు కణితి కణాల గుంపుల లోపలికి చొచ్చుకెళ్లిన రోగులు బాగా ఎక్కువ కాలం బతికారు, అవే కణాలు బయట పీచు కండలోనే ఉండిపోయినవాళ్లు అంత కాలం బతకలేదు. కణం ఒకటే, చోటు మారితే ఫలితం తారుమారైంది. తర్వాతి ఏళ్లలో మాక్రోఫేజ్‌ల్లోనూ రకాలున్నాయని, సీడీ163 ఉన్న రకం ఎక్కువగా కణితికే సాయపడుతుందని తెలిసింది.

2008లో పారిస్ పరిశోధకులు ఇంకో మంచి సంగతి చెప్పారు. కొంతమంది రోగుల్లో కణితి పక్కనే టీ కణాలు, బీ కణాలు, వాటికి శత్రువుని గుర్తుపట్టడం నేర్పే డెండ్రిటిక్ కణాలు కలిసి, అచ్చం లింఫు గ్రంథిలో ఉన్నట్టు ఒక అమరికలో చేరతాయి. మొదటి దశలోనే ఆపరేషన్ అయినవాళ్లలో అలాంటి గుంపులు బాగా ఉన్నవాళ్లకి ఫలితాలు మెరుగ్గా ఉన్నాయి. బీ కణాలను చూపించే సీడీ20 రంగు వేసిన స్లైడులో ఆ గుంపులు గుండ్రంగా, గోధుమ రంగులో కనిపించినప్పుడు నాకు నిజంగా సంతోషం వేస్తుంది. ఆ మనిషి ఎవరో తెలియకపోయినా ఆయన ఒళ్లు ఊరుకోలేదు, పోరాడుతోంది అని తెలుస్తుంది కదా.

మరి ఇవన్నీ మన రిపోర్టుల్లో ఎందుకు రాయరు? పెద్దపేగు క్యాన్సర్లో సీడీ3, సీడీ8 లెక్కపెట్టి స్కోరు ఇచ్చే పద్ధతి ఒకటి ఫ్రాన్స్‌లో మొదలైంది, దానికి పునాది వేసిన పరిశోధన 2006లో వచ్చింది. ఊపిరితిత్తుల విషయంలో మాత్రం ఎన్ని కణాలుంటే ఎక్కువ, ఎన్నుంటే తక్కువ అనే గీత అందరూ ఒప్పుకునేలా ఇంకా పడలేదు. ఒక్కో పరిశోధన ఒక్కోచోట గీత గీసింది. పైగా ఆ పరిశోధనల్లో చాలావరకు ఆపరేషన్‌లో తీసిన పెద్ద ముక్కల మీద జరిగినవి. మాకు వచ్చేవేమో సూదితోనో బ్రాంకోస్కోపీతోనో తీసిన దారప్పోగుల్లాంటి ముక్కలు. అందులో కణితి అంచు ఏదో లోపల ఏదో కూడా తెలియదు. కాబట్టి ఎవరైనా ప్రైవేటుగా సీడీ8 పరీక్ష చేయించుకోండి, ఎంతకాలం బతుకుతారో తెలుస్తుంది అంటే డబ్బు పెట్టకండి. ఎంతకాలం అనే ప్రశ్నకి ఇప్పటికీ అన్నిటికంటే బరువైన సమాధానం జబ్బు ఏ దశలో ఉంది, మనిషి లేచి తన పనులు తాను చేసుకోగలుగుతున్నాడా అనేవే.

ఇప్పుడు పీడీ-ఎల్1 సంగతి. టీ కణాల మీద పీడీ-1 అనే ప్రోటీన్ ఉంటుంది, దాన్ని 1992లో జపాన్‌లోని క్యోటోలో తసుకు హోంజో బృందం కనిపెట్టింది. దీనికి జత కుదిరే ప్రోటీనే పీడీ-ఎల్1. కణితి తన పైపొర మీద పీడీ-ఎల్1 పెట్టుకుంటే, దగ్గరకొచ్చిన టీ కణం దానికి తగిలి ఆగిపోతుంది. కాలువ నిండా నీళ్లున్నా తూము మూసేస్తే చేలోకి చుక్క రాదు, అలాగే కణితి చుట్టూ టీ కణాలు ఎన్నున్నా పని జరగదు. పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్ లాంటి మందులు ఆ జతని విడదీస్తాయి, ఇమ్యునోథెరపీ అనేది ఈ మందులనే. ఈ దారిలో చేసిన పనికే హోంజోకి, అమెరికాకి చెందిన జేమ్స్ అలిసన్‌కి కలిపి 2018లో వైద్యంలో నోబెల్ ఇచ్చారు.

రిపోర్టులో 60 శాతం అంటే, స్లైడులో బతికున్న కణితి కణాలు 100 ఉంటే అందులో 60 కణాల అంచున రంగు కనపడింది అని. అంతే. లెక్కకి కనీసం 100 కణితి కణాలైనా ఉండాలి, లేకపోతే ఆ స్లైడు మీద శాతం చెప్పకూడదు. ఈ లెక్కని రోగి బతుకుతో ముడిపెట్టింది మందుల పరిశోధనలు. నాలుగో దశలో ఉండి, పీడీ-ఎల్1 50 శాతం లేదా అంతకంటే ఎక్కువ ఉన్న 305 మందిని రెండు గుంపులు చేసి ఒక గుంపుకి పెంబ్రోలిజుమాబ్, ఇంకో గుంపుకి కీమో ఇచ్చిన పరిశోధన మొదటి ఫలితాలు 2016లో వచ్చాయి. ఐదేళ్ల తర్వాత చూస్తే పెంబ్రోలిజుమాబ్‌తో మొదలుపెట్టినవాళ్లలో నూటికి సుమారు 32 మంది బతికున్నారు, కీమోతో మొదలుపెట్టినవాళ్లలో సుమారు 16 మంది. కీమో వైపు వాళ్లలో చాలామంది మధ్యలో ఇమ్యునోథెరపీకి మారినా కూడా ఈ తేడా నిలిచింది. నాలుగో దశ ఊపిరితిత్తుల క్యాన్సర్లో ఐదేళ్లు అన్న మాటే ఒకప్పుడు అరుదు, అందుకే నాకు ఇది చాలా పెద్ద విషయం. కానీ ఇదే లెక్కని ఇంకోవైపు నుంచి కూడా చూడాలి. పీడీ-ఎల్1 ఎక్కువగా ఉన్న ఆ 100 మందిలోనూ ఐదేళ్లలో 68 మంది పోయారు. కాబట్టి 90 శాతం వచ్చిందని స్వీట్లు పంచుకోవడానికీ లేదు, తక్కువ వచ్చిందని ఆశ వదులుకోవడానికీ లేదు.

తక్కువ వచ్చినవాళ్లకి చెప్పాల్సింది ఇది. 2018లో వచ్చిన ఇంకో పెద్ద పరిశోధనలో 616 మందిలో కొందరికి కీమో ఒక్కటే, మిగతావాళ్లకి కీమోతో పాటు పెంబ్రోలిజుమాబ్ కలిపి ఇచ్చి చూశారు. ఏడాది దగ్గర కలిపి ఇచ్చినవాళ్లలో 69 శాతం మంది బతికుంటే, కీమో ఒక్కటే ఇచ్చినవాళ్లలో 49 శాతం మంది ఉన్నారు. పీడీ-ఎల్1 1 శాతం కంటే తక్కువ ఉన్నవాళ్లకి కూడా ఆ లాభం కనిపించింది. అంటే ఆ రాజోలు కుర్రాడు చూసిన లైనుకి అర్థం "మీ నాన్నగారికి దారి లేదు" అని కాదు, "ఈ మందు ఒక్కటే సరిపోకపోవచ్చు, కీమోతో కలిపి ఆలోచించండి" అని.

పీడీ-ఎల్1 ఎందుకు వస్తుందో తెలిస్తే ఆ శాతాన్ని ఒంటరిగా ఎందుకు చదవకూడదో కూడా తెలుస్తుంది. సీడీ8 కణాలు కణితిలోకి వెళ్లి పోరాడేటప్పుడు ఇంటర్‌ఫెరాన్ గామా అనే పదార్థాన్ని వదులుతాయి. అది తగలగానే కణితి కణాలు తమని కాపాడుకోవడానికి పీడీ-ఎల్1 పెంచుకుంటాయి. ఇలా వచ్చిన రంగు వెనక నిజంగా పోరాటం ఉంది, మందు పడితే ఫలితం ఉండే అవకాశం ఎక్కువ. కానీ కొన్ని కణితుల్లో టీ కణం ఒక్కటీ దగ్గరకు రాకపోయినా, కణితిలోని జన్యుమార్పే నేరుగా పీడీ-ఎల్1ని పెంచేస్తుంది. ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో మార్పు ఉన్నవాటిలో ఇలా జరుగుతుంది. స్లైడులో రెండూ ఒకే గోధుమ రంగు. ఆ తేడా శాతం చెప్పదు.

ఇది మన గోదావరి జిల్లాలవాళ్లు మరీ గట్టిగా పట్టించుకోవాల్సిన విషయం అని నా అభిప్రాయం. ఇక్కడ రెండు రకాల రోగులు కనిపిస్తారు. ఒకరు లంక పొగాకు చుట్ట జీవితమంతా కాల్చిన పెద్దాయన. రెండోవారు బీడీ, చుట్ట ఏనాడూ ముట్టని ఆడమనిషి, ఆయాసమనో దగ్గనో వచ్చి స్కానింగులో తేలినవారు. పొగ వల్ల వచ్చిన కణితుల్లో జన్యువుల్లో మార్పులు లెక్కలేనన్ని ఉంటాయి కాబట్టి తెల్లకణాలు వాటిని పరాయివిగా పసిగట్టడం తేలిక, ఇమ్యునోథెరపీ వాళ్లకి కాస్త బాగా పనిచేస్తుంది. పొగతాగనివాళ్ల కణితుల్లో ఎక్కువసార్లు ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే లాంటి ఒకే ఒక పెద్ద మార్పు ఉంటుంది. మన దేశంలో అడినోకార్సినోమా అనే రకం ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల్లో ఈజీఎఫ్ఆర్ మార్పు సుమారు నాలుగో వంతు నుంచి మూడో వంతు మందిలో కనపడుతోంది. వాళ్లకి రోజూ వేసుకునే మాత్రలున్నాయి, బాగా పనిచేస్తాయి. వాళ్లకి పీడీ-ఎల్1 ఎంత ఎక్కువగా ఉన్నా మొదట ఇమ్యునోథెరపీ ఇస్తే సాధారణంగా పనిచేయదు. అమెరికాలో సరిగ్గా ఇలాంటివాళ్లకే పెంబ్రోలిజుమాబ్ ఇచ్చి చూసిన ఒక చిన్న పరిశోధనని 11 మంది దగ్గరే ఆపేశారు. అందులో ఒక్కరికే కణితి తగ్గింది, తిరిగి పరీక్షిస్తే ఆ ఒక్కరికీ అసలు ఈజీఎఫ్ఆర్ మార్పే లేదని తేలింది. ఇంకో ప్రమాదం, ముందు ఇమ్యునోథెరపీ ఎక్కించి వెంటనే ఒసిమెర్టినిబ్ అనే ఈజీఎఫ్ఆర్ మాత్రకి మారితే ఊపిరితిత్తులు వాచే ముప్పు పెరుగుతుంది. అందుకే అడినోకార్సినోమా అని వస్తే పీడీ-ఎల్1 శాతం రెండు రోజుల్లో చేతికొచ్చినా, జన్యు పరీక్ష వచ్చేదాకా ఆగగలిగితే ఆగమంటారు డాక్టర్లు. ఆ వారం, పది రోజులు ఇంట్లో ఎంత టెన్షన్‌గా ఉంటుందో నాకు తెలుసు. అయినా డాక్టరు ఆగమంటే కాలయాపన చేస్తున్నారని ఇంకో ఆసుపత్రికి పరుగెత్తకండి.

నా పనికి సంబంధించిన బాధ ఒకటి చెప్పాలి. ముక్క తీసింది ఒక్కసారే, అది ఆవగింజంత, దాని మీదే అన్ని పరీక్షలూ జరగాలి. పోయిన ఏడాది ఒక ఆసుపత్రి నుంచి ముక్క, పాడవకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవంలో కాకుండా సెలైన్ నీళ్లలో వచ్చింది. మా దగ్గరకు చేరేసరికి కణాలు పాడైపోయి పీడీ-ఎల్1కి పనికిరాలేదు, ఆయాసంతో ఉన్న ఆ పెద్దావిడకి మళ్లీ సూది గుచ్చాల్సి వచ్చింది. 10 శాతం ఫార్మలిన్‌లో, ముక్కకి పది రెట్లు ద్రవం ఉండేలా, 6 గంటలకి తగ్గకుండా 72 గంటలు దాటకుండా ఉంచితేనే రంగు నమ్మకంగా పడుతుంది. ఎముక నుంచి తీసిన ముక్కని మెత్తబరచడానికి యాసిడ్‌లో పెడితే ఫలితం మీద అంత నమ్మకం ఉండదు. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరినవాళ్లకి ఆ నీరు తీసి పారబోయకుండా ఎక్కువ మొత్తంలో ల్యాబుకి పంపితే, అందులోని కణాలను కూడా మైనంలో దిమ్మగా పోసి పరీక్ష చేయొచ్చు. ఇది చాలామందికి తెలియదు. డాక్టరుని మొహమాటపడకుండా అడగండి, "ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే, పీడీ-ఎల్1 మూడింటికీ ముక్క సరిపోతుందాండీ" అని.

ఆ ముక్క తీయడమే ఆలస్యమయ్యే ఇళ్లూ ఉన్నాయి. కళ్లె పరీక్షలో టీబీ క్రిమి కనపడకపోయినా ఎక్స్‌రేలో మచ్చ చూసి టీబీ మందులు మొదలుపెట్టి, నెలలు గడిచినా మచ్చ తగ్గకపోతే అప్పుడు స్కానింగుకి వచ్చినవాళ్లు. మన దగ్గర టీబీ ఎక్కువే కాబట్టి మొదట దాన్ని అనుమానించడం సహజం. కానీ మందులు వాడుతున్నా దగ్గులో రక్తం, బరువు తగ్గడం ఆగకపోతే, ముఖ్యంగా చుట్ట అలవాటున్న పెద్దవాళ్లలో, కోర్సు పూర్తయ్యేదాకా చూడకుండా సీటీ తీయించండి.

రక్తంలో చూసే గుర్తు కూడా ఒకటుంది, అది అందరి దగ్గరా ఉండే సీబీపీ రిపోర్టులోనే ఉంటుంది. న్యూట్రోఫిల్స్ శాతాన్ని లింఫోసైట్స్ శాతంతో భాగిస్తే వచ్చే అంకె. 80, 10 ఉంటే 8 అన్నమాట. ఊపిరితిత్తుల క్యాన్సర్లో ఈ అంకె ఎక్కువగా ఉన్నవాళ్లు సగటున తక్కువ కాలం బతికారని చాలా పరిశోధనలు చెప్పాయి, చాలాచోట్ల 5ని గీతగా పెట్టుకున్నారు. దయచేసి దీన్ని ఇంట్లో కూర్చుని లెక్కేసి భయపడకండి. నెమ్ము చేసినా, జ్వరం వచ్చినా, స్టెరాయిడ్ ఇంజక్షన్ పడినా ఆ అంకె అమాంతం పెరిగిపోతుంది.

స్టెరాయిడ్ మాట వచ్చింది కాబట్టి. మన ఊళ్లలో ఆయాసం అనగానే ఆర్‌ఎంపీ దగ్గర డెక్సామెథాసోన్ పడిపోతుంది, ఆ పూటకి హాయిగా ఉంటుంది కూడా. ఇమ్యునోథెరపీ మొదలుపెట్టే సమయానికి రోజుకి 10 మిల్లీగ్రాములు లేదా అంతకంటే ఎక్కువ ప్రెడ్నిసోలోన్‌కి సమానమైన స్టెరాయిడ్ వాడుతున్నవాళ్లకి ఫలితాలు తక్కువగా వచ్చాయని పరిశోధనలున్నాయి. అలాంటివాళ్లకి జబ్బు కూడా ముదిరి ఉండటం కొంత కారణం కావచ్చు, తప్పంతా స్టెరాయిడ్‌దే అని చెప్పలేం. మెదడుకి పాకి వాపు ఉన్నవాళ్లకి అది ప్రాణం నిలిపే మందు, ఇమ్యునోథెరపీ వల్ల విరేచనాలో ఆయాసమో వస్తే వైద్యం కూడా దాంతోనే. కాబట్టి సొంతంగా ఆపేయకండి, ఊళ్లో ఏ ఇంజక్షన్ చేయించుకున్నా ఆ చీటీ ఆంకాలజిస్టుకి చూపించండి. ఇమ్యునోథెరపీ ఎక్కించుకున్న మనిషికి కొత్తగా ఆయాసం వస్తే మాత్రం ఊళ్లో ఆగొద్దు, ఎక్కించిన ఆసుపత్రికి వెంటనే ఫోన్ చేయండి.

ఖర్చు సంగతి అందరికీ తెలిసిందే, లక్షల్లో మాట. పొలం అమ్మకానికి పెట్టేముందు పీడీ-ఎల్1, జన్యు పరీక్ష రెండు రిపోర్టులూ పట్టుకుని రెండో అభిప్రాయం తీసుకోండి. విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, హైదరాబాద్‌లో ఎంఎన్‌జే ఉంది. వెళ్లేటప్పుడు రిపోర్టు కాగితం ఒక్కటే సరిపోదు, ముక్క ఉన్న మైనం బ్లాకునీ స్లైడునీ ల్యాబులో అడిగి తీసుకెళ్లండి, సంతకం చేయించుకుని ఇస్తారు. బ్లాకు మీద నంబరు, రిపోర్టు మీద నంబరు ఒకటేనా అని అక్కడే సరిచూసుకోండి. ఆ మైనం 60 డిగ్రీల లోపే కరిగిపోతుంది కాబట్టి ఎండాకాలంలో కారు అద్దం దగ్గర పెట్టకుండా చేతిసంచిలో, మందుల చీటీలతో పాటు మీ దగ్గరే ఉంచుకోండి.